తెరమీద అన్న మాట

భార్య అడుగుతోంది. భర్త తప్పించుకుంటున్నాడు.

పోలీసు లాకప్‌లో ఉరేసుకున్న ఆ కుర్రాడెవరు? నీకు ఫోన్ల మీద ఫోన్లు ఎందుకు చేశాడు? నువ్వెందుకు మాట్లాడనన్నావు? అంతకు ముందు కారులో ఎక్కించుకుని ఇంటి దగ్గర దింపేవాడివట కదా, ఉన్నట్టుండి ఎందుకు మానేశావు?

ఆమె వదలదు. లండన్‌లో పేరుమోసిన లాయరతను. కోర్టులో సాక్షుల్ని మూడు చెరువుల నీళ్లు తాగించే మనిషి. ఇవాళ సొంత ఇంట్లో బోనెక్కాడు. మాట మార్చి చూశాడు. విసుక్కుని చూశాడు. ఆఖరికి కట్ట తెగింది. ఆ కుర్రాడి మీద మనసు పడ్డాను కాబట్టే, అది హద్దు దాటుతుందని భయమేసింది కాబట్టే కలవడం మానేశానని అరిచినంత పనిచేశాడు.

ఇప్పుడు మన ఫోన్లలోకి వచ్చిపడుతున్న వెబ్ సిరీస్‌లతో పోలిస్తే ఆ సీన్లో ఏముంది? ఏమీ లేదు. ఇద్దరు మనుషులు, నాలుగు మాటలు. ముద్దు లేదు, ముట్టుకోవడం లేదు. కానీ అది 1961. ఒక మగవాడు ఇంకో మగవాణ్ని ప్రేమించానని ఒప్పుకోవడం, అదీ ఓ పెద్ద హీరో నోటి వెంట రావడం... ఇంగ్లిష్ ప్రేక్షకులు అప్పటిదాకా విని ఎరగరు. సినిమా పేరు 'విక్టిమ్'. హీరో డర్క్ బొగార్డ్. స్క్రిప్టులో ఆ మాటలు అంత సూటిగా లేవనీ, తానే పట్టుబట్టి పెట్టించాననీ ఆయన తరువాత చెప్పుకున్నారు. తన సినీ జీవితంలో చేసిన తెలివైన పని ఏదైనా ఉందంటే ఆ వేషం ఒప్పుకోవడమేనని ఆత్మకథలో రాసుకున్నారు కూడా.

ఈ వారం ఆ గర్వం కథ చెప్పుకుందాం. అందులో ఓ మెలిక ఉంది. అది తరువాత.

అమ్మాయిల కలల రాకుమారుడు

బొగార్డ్ అంటే ఇప్పటివాళ్లకు పెద్దగా తెలియకపోవచ్చు. యాభైల్లో మాత్రం బ్రిటన్‌లో ఆయన పేరు చెబితే చాలు, టిక్కెట్లు తెగేవి. మన దగ్గర 'దేవదాసు' వచ్చింది 1953లో కదా. ఆ మరుసటి ఏడాదే అక్కడ 'డాక్టర్ ఇన్ ది హౌస్' వచ్చింది. మెడికల్ కాలేజీ కుర్రాళ్ల అల్లరి, నర్సులు, నవ్వులు. ఆ ఏడాది బ్రిటన్‌లో బాక్సాఫీసు దగ్గర దాన్ని మించింది లేదు. ఇక్కడ అక్కినేని ఫొటోలు ఎలా దాచుకున్నారో, అక్కడి అమ్మాయిలు బొగార్డ్ ఫొటోలు అలా దాచుకున్నారు. 'డాక్టర్ ఎట్ సీ', 'డాక్టర్ ఎట్ లార్జ్'... వరసపెట్టి డాక్టరు వేషాలే. రాంక్ సంస్థలో 1947 నుంచి కాంట్రాక్టు నటుడు. పాత ఇంగ్లిష్ సినిమాలు చూసినవాళ్లకు గుర్తుంటుంది, సినిమా మొదలయ్యే ముందు చొక్కా లేని ఓ వస్తాదు పేద్ద కంచు గంట మోగిస్తాడే... ఆ సంస్థే.

అన్నట్టు, బొగార్డ్‌కు మొదట గుర్తింపు తెచ్చింది హీరో వేషం కాదు. 1950లో వచ్చిన 'ది బ్లూ ల్యాంప్'లో పోలీసును కాల్చి చంపే దొంగ వేషం. దాని దర్శకుడు బేసిల్ డియర్డెన్. పదకొండేళ్ల తరువాత 'విక్టిమ్' పట్టుకుని వచ్చిందీ ఆయనే. నిర్మాత మైకేల్ రెల్ఫ్‌తో కలిసి 1959లో 'సఫైర్' తీశారు. అది లండన్‌లో నల్లవాళ్ల మీద ద్వేషం గురించి. ఆ కథ రాసిన జానెట్ గ్రీనే తన భర్త జాన్ మెకార్మిక్‌తో కలిసి దీన్నీ రాశారు. మొదట అనుకున్న పేరు 'బాయ్ బారెట్'... ఉరేసుకున్న కుర్రాడి పేరు.

కథ ఉంది, డబ్బుంది. హీరో ఏడీ?

ముందు అనుకున్నది జాక్ హాకిన్స్‌ని. సైనికాధికారి వేషాలకు పెట్టింది పేరు. పైగా సినిమా తీస్తున్న సంస్థలో ఆయనా ఒక భాగస్వామి. అయినా నాకొద్దు బాబోయ్ అన్నారు. భార్య వేషం కూడా ఇద్దరు ముగ్గురు హీరోయిన్ల గుమ్మం తొక్కి వెనక్కి వచ్చిందే. వాళ్లను తప్పుపట్టడం తేలిక. కానీ ఆనాటి చట్టం ఏమిటో తెలిస్తే ఆ భయం అర్థమవుతుంది.

బ్లాక్‌మెయిలర్ల చట్టం!

1885లో బ్రిటిష్ పార్లమెంటు ఓ చట్టం చేసింది. నిజానికి అది ఆడపిల్లల రక్షణ కోసం తెచ్చిన బిల్లు. చర్చ ఆఖర్లో హెన్రీ లబూషేర్ అనే సభ్యుడు అందులోకి ఓ క్లాజు దూర్చాడు. ఇద్దరు మగవాళ్లు 'అసభ్యంగా' ప్రవర్తిస్తే రెండేళ్ల జైలు. అదీ బజార్లోనే కానక్కర్లేదు, సొంత ఇంట్లో తలుపులు వేసుకున్నా సరే. ఏది అసభ్యమో మాత్రం చట్టంలో రాయలేదు. అంటే పోలీసు ఏది అనుకుంటే అదన్నమాట.

నాటక రచయిత ఆస్కార్ వైల్డ్‌ను 1895లో జైలుకు పంపింది ఆ క్లాజే. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల రహస్య సంకేతాలు విప్పిన గణిత మేధావి అలన్ ట్యూరింగ్‌ను 1952లో దోషిగా నిలబెట్టిందీ అదే. జైలా, హార్మోన్ ఇంజెక్షన్లా అంటే ఆయన ఇంజెక్షన్లు ఒప్పుకున్నాడు. రెండేళ్లకు చనిపోయాడు. 1953లో మహానటుడు జాన్ గీల్‌గుడ్ పట్టుబడి పది పౌన్ల జరిమానా కట్టాడు. పది పౌన్లు ఏముంది... మర్నాటి పత్రికల్లో పేరు పడిందే, అదీ శిక్ష.

ఇలాంటి చట్టం ఉంటే ఎక్కువగా లాభపడేది ఎవరు? బ్లాక్‌మెయిలర్! మన ఇంట్లో దొంగ పడితే స్టేషన్‌కి పరిగెత్తుతాం. కానీ 'నీ సంగతి నాకు తెలుసు, నెలనెలా ఇంత పంపు' అని బెదిరించేవాడి మీద ఆ మనిషి ఏమని ఫిర్యాదు చేస్తాడు? ఫిర్యాదు రాయడం అంటే తన నేరం తానే ఒప్పుకోవడం. అందుకే ఆ చట్టానికి 'బ్లాక్‌మెయిలర్ల పట్టా' అని పేరొచ్చింది.

ఈ గొడవంతా తేల్చమని ప్రభుత్వం 1954లో సర్ జాన్ వుల్ఫెండెన్ అధ్యక్షతన ఓ కమిటీ వేసింది. వ్యభిచారం, స్వలింగ సంపర్కం... రెండు విషయాలూ ఆ కమిటీకే అప్పగించారు. ఇక్కడో తమాషా. ఆఫీసులో టైపు చేసే ఆడవాళ్ల ముందు ఈ మాటలు వాడడం బాగోదని పెద్దమనుషులు మారుపేర్లు పెట్టుకున్నారు... 'హంట్లీలు', 'పామర్లు' అని. అది అప్పట్లో బాగా అమ్ముడుపోయే బిస్కెట్ల కంపెనీ పేరు! దేశం చట్టం మార్చాల్సిన కమిటీకే నోరు తిరగని మాట, సినిమాహాల్లో హీరో అనడమంటే ఏమిటో ఊహించుకోండి.

1957లో కమిటీ నివేదిక ఇచ్చింది. ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి నాలుగు గోడల మధ్య చేసేది నేరం కాకూడదని తేల్చింది. ప్రభుత్వం దాన్ని అటక మీద పెట్టేసింది. 1960లో పార్లమెంటులో ఆ నివేదిక అమలు కోసం ఓటింగు పెడితే 99 మంది అవునన్నారు, 213 మంది కాదన్నారు.

ఆ మరుసటి ఏడాదే 'విక్టిమ్' కెమెరా ముందుకెళ్లింది.

కాలిపోని కాగితాలు

కథ ఇదీ. బారెట్ అనే కుర్రాడు ఓ నిర్మాణ సంస్థలో గుమాస్తా. 2,300 పౌన్లు కాజేసి పారిపోతున్నాడు. తాను పూచికపుల్ల కూడా కొనుక్కోలేదు. అంతా బ్లాక్‌మెయిలర్లకే పోసేశాడు. ఎందుకంటే వాళ్ల దగ్గరున్న ఫొటోలో తనొక్కడే లేడు. లాయర్ మెల్విల్ ఫార్ కూడా ఉన్నాడు. కారులో ఇద్దరూ, కుర్రాడు ఏడుస్తున్నాడు. అంతే ఆ ఫొటో.

సాయం కోసం బారెట్ ఫార్‌కు ఫోన్ చేస్తాడు. వీడు నన్నే డబ్బు కోసం బెదిరించబోతున్నాడని ఫార్ అపార్థం చేసుకుంటాడు. ఫోన్ పెట్టేస్తాడు. నిజానికి ఆ కుర్రాడు ఫార్‌ను కాపాడడానికే ఇంతా చేశాడు. పోలీసులకు దొరికేటప్పటికి అతని దగ్గరున్నది ఫార్ గురించి పత్రికల్లో వచ్చిన వార్తలు అంటించుకున్న పుస్తకం. దాన్ని నాశనం చేయబోయాడు, పూర్తిగా చేయలేకపోయాడు. ఆ రాత్రి లాకప్‌లో ఉరేసుకున్నాడు.

ఇక్కణ్నుంచి ఫార్ కథ. త్వరలో క్వీన్స్ కౌన్సెల్ కాబోతున్నాడు. లాయరుకు అంతకన్నా పెద్ద గౌరవం ఉండదు. నోరు మూసుకుంటే అన్నీ దక్కుతాయి. కానీ తన కోసం చచ్చిపోయిన కుర్రాడి మొహం గుర్తొస్తుంది. బ్లాక్‌మెయిలర్లను పట్టుకుందామని బయల్దేరతాడు. వెతుకుతున్నకొద్దీ బాధితులు బయటపడతారు. నాలుగుసార్లు జైలుకెళ్లొచ్చి ఇక ఓపిక లేదనే ముసలి మంగలి, పుస్తకాల షాపాయన, కార్ల వ్యాపారి, రంగస్థలం మీద వెలిగిపోతున్న నటుడు, ఆఖరికి ఓ లార్డు. ఎవరూ సాక్ష్యానికి రారు. కట్టేద్దాం, గొడవెందుకంటారు. ఓ రోజు ఫార్ ఇంటికొచ్చేసరికి గ్యారేజి తలుపు మీద పెద్ద పెద్ద అక్షరాలతో తన గురించి రాసి ఉంటుంది.

చూస్తున్నంతసేపూ ఇది పోలీసు కథ. ఎవరు, ఎక్కడ, ఎలా దొరుకుతారనే పట్టు ఎక్కడా సడలదు. డియర్డెన్ గడుసుదనం అదే అనిపిస్తుంది నాకు. ఉపన్యాసం ఇస్తే జనం లేచి వెళ్లిపోయేవాళ్లు. థ్రిల్లర్ చూడ్డానికి వచ్చి కూర్చున్నవాళ్లు ముసలి మంగలి మాటలు విన్నారు. ఒక్కచోట మాత్రం కొంచెం అతి చేశారు. దేశంలోని బ్లాక్‌మెయిల్ కేసుల్లో నూటికి తొంభై ఇలాంటివేనని సినిమాలో చెప్పిస్తారు. వుల్ఫెండెన్ నివేదికలో ఉన్న లెక్క వేరు. 1950-53 మధ్య పోలీసుల దాకా వచ్చిన 71 బ్లాక్‌మెయిల్ కేసుల్లో 32 ఇలాంటివని అందులో ఉంది. అయితే పోలీసుల దాకా రానివే అసలు కథ కాబట్టి ఆ 32ని నమ్మడమూ కష్టమే.

అమ్మతో కలిసి...

ఈ కాలమ్ కోసం ఓ మధ్యాహ్నం ఇంట్లో ఈ సినిమా పెట్టుకున్నాను. ఒత్తులు చేసుకుంటూ అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. లేచి వెళ్లమనడానికి లేదు, ఏమిటో చెప్పడానికి నోరు రాదు. సబ్‌టైటిల్స్ ఆవిడకు అందవు. మధ్యమధ్యలో నేనే తెలుగులో చెబుతూ వచ్చాను. నేనూ హంట్లీ పామర్ల బాపతేనని అప్పుడర్థమైంది. 'ఆ అబ్బాయికీ ఈయనకూ స్నేహం' దగ్గరే నా అనువాదం ఆగిపోయింది. అమ్మ మాత్రం భార్య మొహమే చూస్తోంది. పైన చెప్పిన సీను వచ్చింది.

"ఆ పిల్ల గొంతు కోశాడు కదరా!" అంది.

పెళ్లికి ముందే చెప్పాడమ్మా అన్నాను. నిజమే. కాలేజీ రోజుల్లో ఓ స్నేహితుడితో అలాంటి అనుబంధం ఉండేదనీ, అది ముగిసిపోయిన కథ అనీ చెప్పే లారాను చేసుకుంటాడు ఫార్.

"ముగిసిందని అతనూ అనుకుని ఉంటాడు" అని కాసేపు ఊరుకుంది. ఒత్తి చేయడం ఆపేసి, "పెళ్లి చేస్తే అన్నీ అవే సర్దుకుంటాయనేవాళ్లు అక్కడా ఉన్నారన్నమాట" అంది.

ఆ మాట అన్నప్పుడు అమ్మకు ఎవరు గుర్తొచ్చారో నేనడగలేదు. ప్రతి వీధిలోనూ చుట్టాల్లోనూ అలాంటి ఓ ఇల్లు ఉంటుంది. ఏం జరిగిందో ఎవరూ చెప్పరు. 'వాళ్లిద్దరికీ పడలేదు' అంటారంతే.

లారాగా వేసింది సిల్వియా సిమ్స్. అప్పటికి ఆవిడ వయసు 27. వేరేవాళ్లు వద్దన్న వేషాన్ని కళ్లకద్దుకుని తీసుకున్నారు. ఈ సినిమాకు బొగార్డ్ ప్రాణం అంటారు అందరూ. నన్నడిగితే సగం ఆవిడది. అతని మీద జాలీ, తన మీద తనకు జాలీ, కోపం... మూడూ ఒకే చూపులో. 'ది క్వీన్'లో రాణిగారి తల్లిగా కనిపించింది ఈవిడే. 2023 జనవరిలో చనిపోయారు.

కత్తెర్లు, చీవాట్లు

సినిమా 1961 ఆగస్టు ఆఖర్లో లండన్‌లో విడుదలైంది. సెన్సారువాళ్లు ముందు స్క్రిప్టు దగ్గరే గీకిగీకి చూశారు. చివరికి పెద్దలకు మాత్రమే అని 'ఎక్స్' సర్టిఫికెట్ ఇచ్చారు. అమెరికాలో అయితే అక్కడి నిర్మాతల సంఘం ఆమోదముద్రే వేయలేదు. 'హోమోసెక్సువల్' అనే మాటను నేరుగా పలికిన మొదటి ఇంగ్లిష్ సినిమాగా దీనికి పేరు. ఆ మాటే వాళ్ల అభ్యంతరాల్లో ఒకటి. ముద్ర లేకుండానే 1962లో అక్కడ ఆడింది. 'టైమ్' పత్రిక సమీక్ష చదివితే ఈ రోజుకీ చెవులు మండుతాయి. బ్లాక్‌మెయిల్ తప్పంటే సరే, అసలు ఆ ప్రేమనే వెనకేసుకొస్తారా అన్నట్టు రాశారు.

బ్రిటన్‌లో మాత్రం మెచ్చుకున్నవాళ్లు ఎక్కువ. వెనిస్ చిత్రోత్సవానికి వెళ్లింది. బాఫ్టా ఉత్తమ నటుడి పోటీలో బొగార్డ్ పేరు నిలిచింది. నష్టాలు రాలేదు. నటుడిగా ఆయనకేం ఒరిగింది? మ్యాటినీ ఐడల్ కిరీటం అక్కడే దించేసినట్టయింది. కలల రాకుమారుడు కాస్తా నలభై ఏళ్లకు, కణతల దగ్గర నెరసిన జుట్టుతో, ఇంకో మగవాడి కోసం కన్నీళ్లు పెట్టుకున్నాడు కదా. మరీ ఒక్క దెబ్బతో మారిపోయారనుకునేరు. 1963లో మళ్లీ ఓ డాక్టరు సినిమా చేశారు. పొట్టకూటి విద్య అంత తొందరగా వదలదు. కానీ అదే ఏడాది 'ది సర్వెంట్' వచ్చింది. తరువాత 'డార్లింగ్', విస్కాంటీ 'డెత్ ఇన్ వెనిస్'... యూరప్ గొప్ప దర్శకులంతా ఆయన కోసం చూశారు. ఆ తలుపు తెరిచింది 'విక్టిమ్'. వినోదంతో సరిపెట్టకుండా జనాన్ని కలవరపెట్టే సినిమా ఒక్కటైనా చేయాలని ఎప్పట్నుంచో ఉందనీ, అది ఇదేననీ ఆయన ఆత్మకథలో చెప్పుకున్నారు.

ఆ గర్వానికి ఇంకో కారణం 1967లో దొరికింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 21 ఏళ్లు దాటిన ఇద్దరు మగవాళ్ల ఏకాంతం నేరం కాదని పార్లమెంటు చట్టం చేసింది. (స్కాట్లండ్ 1980 దాకా, ఉత్తర ఐర్లండ్ 1982 దాకా ఆగాల్సి వచ్చింది.) ఎగువ సభలో ఆ బిల్లును భుజాన మోసిన లార్డ్ ఆరన్ మరుసటి ఏడాది బొగార్డ్‌కు ఉత్తరం రాశారు. జనం మనసు మార్చడంలో మీ సినిమా పాత్ర పెద్దదంటూ కృతజ్ఞతలు చెప్పారు. ఒక్క సినిమా చట్టాన్ని మార్చేసిందంటే నేను నమ్మను. కమిటీలు, కోర్టులు, కరపత్రాలు, పదేళ్ల పోరాటం ఉన్నాయి వెనక. కానీ ఓ నటుడికి చట్టం చేసిన మనిషి దగ్గర్నుంచి అలాంటి ఉత్తరం రావడం... ఎన్ని అవార్డులు దానికి సాటి?

మన సంగతి

ఆ చట్టాన్ని వాళ్ల దగ్గర వాళ్లు మార్చుకున్నారు. మనకు అంటగట్టింది మాత్రం మన దగ్గరే ఉండిపోయింది. 1860లో బ్రిటిష్‌వాళ్లు రాసిన ఇండియన్ పీనల్ కోడ్‌లో 377వ సెక్షన్. దాని ప్రకారం యావజ్జీవం కూడా వేసే వీలుండేది. కోర్టుల్లో శిక్ష పడ్డవాళ్లు తక్కువే, కానీ దాన్ని చూపించి బెదిరించి డబ్బు గుంజే వ్యాపారం ఇక్కడా నడిచింది. 2009లో ఢిల్లీ హైకోర్టు ఇది చెల్లదంది. 2013లో సుప్రీంకోర్టు కాదు చెల్లుతుందంది. 2018 సెప్టెంబరు 6న ఐదుగురు జడ్జీల ధర్మాసనం పెద్దవాళ్లు ఇష్టపడి చేసేదానికి దాన్ని వర్తింపజేయడం చెల్లదంది. 2023లో పెళ్లి హక్కు అడిగితే మాత్రం సుప్రీంకోర్టు అది పార్లమెంటు చూసుకోవాల్సిన పని అంది. 2018 తీర్పులో జస్టిస్ ఇందూ మల్హోత్రా రాసిన ఒక విషయం చాలామందికి గుర్తుండిపోయింది. చరిత్ర వీళ్లకు క్షమాపణ చెప్పుకోవాలి అన్నారావిడ. వీళ్లకే కాదు, వీళ్ల కుటుంబాలకు కూడా. ఆ రెండో మాట దగ్గర నాకు లారా కనిపించింది.

మలయాళంలో 2023లో వచ్చిన 'కాదల్ - ది కోర్' చూసినవాళ్లకు ఇదంతా ఎక్కడో విన్నట్టే ఉంటుంది. రిటైరైన బ్యాంకు ఉద్యోగి పంచాయతీ ఎన్నికల్లో నిలబడతాడు. సరిగ్గా అప్పుడే భార్య విడాకులు అడుగుతుంది, అతని మనసు ఇంకో మగవాడి దగ్గరుందని. 'విక్టిమ్'లో భర్త బోనెక్కితే ఇక్కడ భార్యే కోర్టు మెట్లెక్కింది. ఆమె జ్యోతిక. అతను మమ్ముట్టి... మన 'స్వాతికిరణం' అనంతరామశర్మ! 72 ఏళ్ల వయసులో, సొంత సంస్థలో, సొంత డబ్బుతో తీశారు. కేరళ ప్రభుత్వం ఆ ఏటి ఉత్తమ చిత్రం అవార్డు ఇచ్చింది. కువైట్, ఖతార్‌లలో ఆడనివ్వలేదు. బొగార్డ్ వేసిన దారి అంటే అతిశయోక్తి అవుతుందేమో గానీ, ఓ పెద్ద హీరో తన ఇమేజిని చేతులారా పణంగా పెట్టడం మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

ఇక ఆ మెలిక

బొగార్డ్ పెళ్లి చేసుకోలేదు. ఆంథొనీ ఫోర్‌వుడ్ అని ఆయన మేనేజరు. అంతకు ముందు నటి గ్లైనిస్ జాన్స్ భర్త. 'మేరీ పాపిన్స్'లో పిల్లల తల్లిగా వేసిందే, ఆవిడ. విడిపోయాక ఫోర్‌వుడ్ వచ్చి బొగార్డ్‌తో ఉండిపోయారు. దాదాపు నలభై ఏళ్లు ఒకే ఇంట్లో. ఇంగ్లండ్‌లో, తరువాత దక్షిణ ఫ్రాన్స్‌లో ఆలివ్ చెట్ల మధ్య. ఫోర్‌వుడ్‌కు జబ్బు చేస్తే ఇష్టమైన ఆ ఇల్లు అమ్మేసి లండన్ తిరిగొచ్చారు. 1988లో ఆయన పోయేదాకా పక్కనే ఉండి చూసుకున్నది బొగార్డే.

మరి వాళ్లిద్దరూ...? అడిగినవాళ్లందరికీ బొగార్డ్ ఒకటే జవాబు. మేనేజరు. అరడజనుకు పైగా ఆత్మకథల సంపుటాలు రాశారు. ప్రతి దాంట్లో ఫోర్‌వుడ్ ఉంటారు. తోట పని చేస్తూ, కారు నడుపుతూ, ఆసుపత్రి మంచం మీద. ఆ ఒక్క మాట మాత్రం ఎక్కడా ఉండదు. 1986లో టీవీ ఇంటర్వ్యూలో రస్సెల్ హార్టీ అటు తిప్పీ ఇటు తిప్పీ అదే అడగబోతే, నేను నా గుల్లలోనే ఉన్నాను, దాన్ని పగలగొట్టడం మీ వల్ల కాదని నవ్వుతూనే తలుపేశారు. అప్పటికి చట్టం మారి 19 ఏళ్లు.

కొందరు దీన్ని పిరికితనం అన్నారు. తెరమీద అంత గర్వంగా చెప్పినవాడు బయట ఎందుకు దాచాడు అని. నాకలా అనిపించదు. ఆయన పుట్టింది 1921లో. చట్టం మారేసరికి 46 ఏళ్లు. అంతవరకూ ప్రతి రోజూ తలుపు చప్పుడైతే ఎవరోనని ఉలిక్కిపడి బతికిన మనిషికి, పార్లమెంటు ఓ సాయంత్రం చట్టం చేసి ఇక భయం లేదంటే భయం పోతుందా? పైగా ఆ గుల్లలో ఆయనొక్కరే లేరు, ఇంకొకరూ ఉన్నారు. ఇంకొకరి పేరు పత్రికలకెక్కకుండా కాపాడుకోవడమే కదా సినిమాలో బారెట్ చేసింది.

'విక్టిమ్' ఆఖరి సీన్లో ఫార్ కోర్టుకెళ్లి అంతా చెప్పేయడానికి సిద్ధమవుతాడు. ఈ రొచ్చంతా అయ్యేదాకా నువ్వు దూరంగా ఉండు అంటాడు భార్యతో. ఆమె తిరిగి వస్తుందో లేదో మనకు తెలియదు. ఆమె వెళ్లాక ఆ ఫొటో తీసి మంటలో పడేస్తాడు. బొగార్డ్ కూడా ఫ్రాన్స్‌లో ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తన డైరీలూ ఉత్తరాలూ కట్టలు కట్టలుగా తగలబెట్టేశారు. 1992లో సర్ బిరుదు వచ్చింది. 1999 మే 8న కన్నుమూశారు.

ఇంట్లో సరదాగా తీసుకున్న ఫిలిం రీళ్లు మాత్రం మిగిలిపోయాయి. 2001లో బీబీసీ 'అరీనా' కార్యక్రమంలో చూపించారు. తోట, కుక్కలు, ఎండలో కూర్చున్న స్నేహితులు. కెమెరా చాలాసార్లు ఫోర్‌వుడ్ చేతిలో ఉండేది. బొగార్డ్ దానికేసి చూసి నవ్వుతుంటారు.